లైబ్రేరియన్ మీద కార్పొరేషన్‌కు పెత్తనం ఉందా?

ప్రశ్న: మాది మదనపల్లె. పన్నెండేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో సొంత ఫ్లాటులో ఉంటున్నాం. రిటైరయ్యాక రోజూ పొద్దున పక్క వీధిలోని పబ్లిక్ లైబ్రరీకి వెళ్తున్నాను. ఏడాదిగా తెలుగు పేపర్లు ఆపేశారు. లైబ్రేరియన్ ఎప్పుడొస్తారో ఆయనకే తెలియాలి. కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్తే ‘అది మాది కాదు సార్’ అన్నారు. మరి ఇంటి పన్నుతో లైబ్రరీ సెస్ ఎందుకు తీసుకుంటున్నట్టు? మా ఊళ్లో అయితే జిల్లా గ్రంథాలయ సంస్థ చైర్మన్‌కు చెప్పుకునేవాళ్లం. ఇక్కడ ఎవరికి చెప్పాలి? కార్పొరేషన్ వాళ్లు ఆయన్ని మార్చలేరా? అది కుదరకపోతే సెస్ కట్టడం మానేయవచ్చా?

జవాబు: మీరు పంపిన పన్ను రసీదు చూశాను. మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. ఆస్తి పన్ను 5,000 రూపాయలు, దాని ఎదుట లైబ్రరీ సెస్ 300. అంటే రూపాయికి ఆరు పైసలు.  ఆ 300 వసూలు చేసేది కార్పొరేషనే, కానీ డబ్బు దానిది కాదు. 1965 నాటి కర్ణాటక పబ్లిక్ లైబ్రరీల చట్టం ప్రకారం అది లైబ్రరీలకు చేరాలి. వసూలైన సెస్ సకాలంలో జమ కావడం లేదన్నది బెంగళూరులో ఏళ్ల తరబడి నలుగుతున్న గొడవ. ‘మాది కాదు’ అన్న ఆ గుమాస్తా అబద్ధం చెప్పలేదు, నిజంలో తనకు పనికొచ్చే సగమే చెప్పాడు.

లైబ్రేరియన్ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి. ఆయన జీతం, బదిలీ, చర్య అన్నీ పబ్లిక్ లైబ్రరీల శాఖ చేతిలో ఉంటాయి. విచారణ పెట్టాలన్నా, సస్పెండ్ చేయాలన్నా 1957 నాటి కర్ణాటక సివిల్ సర్వీసుల నియమాల ప్రకారం శాఖాధికారులే చేయాలి. కార్పొరేటరే కాదు, మేయర్ అయినా ‘రేపటి నుంచి రావద్దు’ అనలేరు. అన్నా అది చెల్లదు. ఆయన కోర్టుకు వెళ్లి మొదటి వాయిదాలోనే స్టే తెచ్చుకుంటాడు.

అలాగని నగరానికి నోరే లేదనుకోకండి. ఇదే చట్టం కింద సిటీ లైబ్రరీ అథారిటీ అని ఒకటి ఉంటుంది. మేయర్ దానికి అధ్యక్షుడు, శాఖ అధికారి కార్యదర్శి. లైబ్రరీలు ఎలా నడుస్తున్నాయి, డబ్బు దేనికి ఖర్చవుతోంది అని అడగాల్సిన చోటు అదే. చిక్కల్లా ఎక్కడంటే, బీబీఎంపీలో (అప్పటి బెంగళూరు మహానగర పాలికెలో) ఎన్నికైన కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. ఆ తర్వాత అడ్మినిస్ట్రేటర్ల పాలన వచ్చింది. 2025 సెప్టెంబరులో బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. మీ మారతహళ్లి ఈస్ట్ కార్పొరేషన్‌లోకి వెళ్లింది. మేయర్ అంటూ ఒకరు ఉంటేనే కదా ఆ అధ్యక్ష కుర్చీకి అర్థం! నిలదీసే ప్రజాప్రతినిధి లేకపోతే అధికారి రాసిన నోటుకు అధికారే సంతకం పెట్టుకుంటాడు. నన్నడిగితే మీ పేపర్ల కంటే ఇదే పెద్ద సమస్య.

మదనపల్లె అలవాటు ఇక్కడ పనికిరాదు. మన దగ్గర 1960 నాటి చట్టం కింద గ్రంథాలయ సంస్థకు ప్రభుత్వం ఒక చైర్మన్‌ను వేస్తుంది. ఆయన ఫలానా పార్టీ మనిషని ఊరందరికీ తెలుసు, ఇంటికెళ్లి కాఫీ తాగుతూ చెప్పుకోవచ్చు. ఇక్కడ మేయర్ అయినా పదవిని బట్టి వచ్చే అధ్యక్షుడే తప్ప లైబ్రరీల కోసం ప్రత్యేకంగా వేసిన మనిషి కాదు.

మీ మిత్రుడు నగరం అంచున పంచాయతీలో ఉన్నాడని రాశారు, అక్కడి కథ వేరు. గ్రామ పంచాయతీల లైబ్రరీలు 2019లో గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ శాఖకు మారాయి. ఆయన పీడీఓను, అంటే పంచాయతీ అభివృద్ధి అధికారిని, అడిగితే చాలు. రాజ్యాంగంలో పంచాయతీల కోసం పెట్టిన పదకొండో షెడ్యూల్లో ‘లైబ్రరీలు’ అని విడిగా ఉంది. పట్టణాలకు పెట్టిన పన్నెండో షెడ్యూల్లో ఆ మాటే లేదు.

సెస్ మానేయడం మాత్రం వద్దు. సేవ బాగుంటేనే కడతాననడానికి అది ఆటో మీటరు కాదు. మీరు 300 ఆపితే బకాయి, దాని మీద వడ్డీ మీ ఫ్లాటు ఖాతాకే చేరతాయి. రేపు ఫ్లాటు అమ్ముకునేటప్పుడు అదో టెన్షన్.

ముందు మీ జోన్ సిటీ సెంట్రల్ లైబ్రరీ డిప్యూటీ డైరెక్టర్‌కు అర్జీ రాయండి. కన్నడంలో రాయించుకోండి, పని త్వరగా కదులుతుంది. తెలుగు పేపరు మీ హక్కు అని రాయకండి, చట్టంలో అలా లేదు. ఇంతమంది చదివేవాళ్లం ఉన్నామని సంతకాలతో చూపండి. లైబ్రేరియన్ గురించి ‘సరిగా రాడు’ అంటే ఎవరూ పట్టించుకోరు. ఏ తేదీన ఎన్ని గంటలకు తలుపు తాళం వేసి ఉందో పది రోజులు చిన్న నోట్‌బుక్‌లో రాసి, ఆ కాగితం జతచేయండి. రాష్ట్ర ప్రభుత్వ ఫిర్యాదుల హెల్ప్‌లైన్ 1902లోనూ ఫిర్యాదు పెట్టి నంబరు రాసి ఉంచుకోండి.

పక్షం రోజుల్లో ఉలుకూ పలుకూ లేకపోతే సమాచార హక్కు దరఖాస్తులు రెండు వేయండి. ఒకటి శాఖకు, ఒకటి కార్పొరేషన్‌కు. కలిపి రాయకండి. కర్ణాటక నియమాల్లో ఒక దరఖాస్తు ఒకే విషయం మీద, మామూలుగా 150 మాటలు దాటకుండా ఉండాలి. ఒక్కోదానికి ఫీజు 10 రూపాయలు. శాఖను మీ లైబ్రరీ పనివేళల ఉత్తర్వు, తెప్పించే పేపర్ల జాబితా, పాఠకులు సంతకం పెట్టే రిజిస్టరులో ఒక నెల పేజీల నకళ్లు అడగండి. లైబ్రేరియన్ హాజరు పట్టీ అడిగితే వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపేస్తారు. పాఠకుల రిజిస్టరుకు ఆ సాకు చెప్పడం కష్టం, తలుపు ఏ రోజు తెరిచారో అదే చెబుతుంది. కార్పొరేషన్‌ను ఏ ఏడాది ఎంత సెస్ వసూలైంది, ఎంత జమ చేశారు అని మాత్రమే అడగండి. ‘ఎందుకు చేయలేదు’ అని అడగకండి. సమాచార హక్కు చట్టం కింద ఆఫీసులో ఉన్న కాగితమే ఇస్తారు, సంజాయిషీ ఇవ్వరు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి.

డబ్బు జమ కాలేదని ఆ కాగితాల్లో తేలితే హైకోర్టులో రిట్ వేయవచ్చు. మీరొక్కరే కాకుండా అపార్ట్‌మెంట్ సంఘం వేస్తే బరువుంటుంది. కోర్టు మొదట అడిగేది ‘ముందు అధికారిని అడిగారా?’ అనే. అందుకే ఈరోజు పెట్టే అర్జీ నకలు మీద ఆఫీసు స్టాంపు వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి, ఆ రసీదును ఇంటి పన్ను రసీదు పక్కనే దాచుకోండి.