పదకొండు మందితో మాట్లాడి, మిగతావాళ్ల గురించి ఏం చెప్పగలం?

గాయం తర్వాత మళ్లీ ఆటలోకి వచ్చిన 12 మందిని ఇంటర్వ్యూ చేశానన్నారు. "శాంపిల్ చిన్నది, కాబట్టి ఈ ఫలితాలను సాధారణీకరించలేం" అని రాయమని గైడ్ అంటున్నారు, రాయాలా అని అడిగారు. రాయకండి. నేను రాసి ఇరుక్కున్నాను.

నాది మోకాలి ఏసీఎల్ (మోకీలును పట్టి ఉంచే ఒక లిగమెంట్) ఆపరేషన్ అయిన 11 మంది క్రీడాకారుల మీద థీసిస్. వైవాలో ఎగ్జామినర్ సరిగ్గా ఆ పేజీయే తీసి, "ఇది ఇంకెవరికీ పనికిరాదని మీరే అంటుంటే మేమెందుకు చదవాలి?" అన్నారు. నోట మాట రాలేదు.

అసలు ఆ కారణమే తప్పు. శాంపిల్ నుంచి జనాభాకు లెక్కగట్టాలంటే మనుషులను యాదృచ్ఛికంగా తీసుకోవాలి. ఇంటర్వ్యూలతో పరిశోధించే మనం ఏరికోరి తీసుకుంటాం. అరవై మందితో మాట్లాడినా ఆ దారి మనది కాదు. ఈ అపోహ మీద మన క్రీడా పరిశోధన రంగం వాళ్ల కోసమే పరిశోధకుడు బ్రెట్ స్మిత్ 2018లో ఒక వ్యాసం రాశారు, ముందు అది చదవండి.

నా డ్రాఫ్టు చదివిన ఒక స్విమ్మింగ్ కోచ్, "జట్టులో చోటు పోతుందని నొప్పి దాచడం... మా పిల్లలు భుజం విషయంలో చేసేది ఇదే" అన్నారు. మోకాలి కథలో ఆయనకు భుజం కనిపించింది. చదివేవాళ్లు తమ అనుభవంతో ఇలా పోల్చుకోవడాన్నే పరిశోధకుడు రాబర్ట్ స్టేక్ 1978లో సహజ సాధారణీకరణ అన్నారు. అయితే పోల్చుకోవడానికి వివరాలు కావాలి. నేను మొదట వయసు, ఆట, అంతే రాశాను. తర్వాత ఆపరేషన్ అయి ఎన్ని నెలలైంది, ఏ స్థాయిలో ఆడేవాళ్లు, వాళ్ల స్థానానికి పోటీ ఉందా అన్నవి చేర్చాను. ఆ వివరాలివ్వడం మన పని. తమ దగ్గర పనికొస్తుందో లేదో తేల్చుకోవడం చదివేవాళ్ల పని.

ఇంకో దారి, నాకు ఎక్కువ నచ్చింది, భావన ద్వారా వెళ్లడం, అంటే ఇంటర్వ్యూల్లో తేలిన ఆలోచనను వేరేచోటికి తీసుకెళ్లడం. "నేను క్రీడాకారుణ్ణి" అన్న గుర్తింపు బలంగా ఉన్నవాళ్లు తొందరపడి ఆటకు తిరిగొస్తారని నేను అనుకున్నాను. ఇద్దరు అలా చేయలేదు. గాయమైన రోజుల్లో జూనియర్లకు నేర్పించే పని వాళ్లకు అప్పజెప్పారట. అంటే గుర్తింపు ఎంత బలంగా ఉందన్నదే కాదు, ఆడలేని రోజుల్లో దానికి చోటుందా అన్నది కూడా చూడాలి. ఈ మాటను ఏ ఆటలోనైనా పరీక్షించి చూడొచ్చు.

అలాగని "చాలామంది క్రీడాకారులు" అని రాయొద్దు. "11 మందిలో 7, అంటే 64 శాతం" అనీ వద్దు. నేను అదీ రాశాను లెండి, ఎగ్జామినర్ ఎర్ర పెన్నుతో కొట్టేశారు.

గైడ్ ఒప్పుకోకపోతే ఆ వాక్యం తీసేయమని వాదించకండి. "గణాంకపరంగా సాధారణీకరించడం ఈ అధ్యయనం ఉద్దేశం కాదు" అని మార్చి, దాని కిందే మీ ఫలితం ఎలాంటి పరిస్థితుల్లో ఉన్నవాళ్లకు ఉపయోగపడొచ్చో, ఎందుకో ఒక పేరా రాసి చూపించండి.