జర్నలిజం పరీక్షకు క్రిమినల్ కోర్టులు, మీడియా చట్టం: సెక్షన్లు బట్టీ పట్టాలా?

అన్నీ అక్కర్లేదు. ముందు ఏ కోర్టు ఎంత శిక్ష వేయగలదో చూసుకోండి: ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ 3 ఏళ్ల వరకు, చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ 7 ఏళ్ల వరకు. సెషన్స్ జడ్జి ఉరిశిక్ష వేసినా హైకోర్టు ఖరారు చేయాల్సిందే. 2024 జులై 1 నుంచి నేరాలు, శిక్షలు చెప్పే ఐపీసీ పోయి బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత), విచారణ పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ పోయి బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) వచ్చాయి కాబట్టి సీనియర్లిచ్చిన పాత గైడ్లను నమ్ముకోవద్దు.

అసలు టెన్షనంతా అత్యాచార బాధితురాలి వివరాల దగ్గరే. బీఎన్‌ఎస్ సెక్షన్ 72 ప్రకారం పేరే కాదు, ఆమెను గుర్తుపట్టేలా ఏం ప్రచురించినా రెండేళ్ల దాకా జైలు. ‘ఫలానా ఊరి సర్పంచ్ కూతురు’ అన్నారంటే పేరు రాసినట్టే! ఇలాంటి వాక్యాలు మీరే రాసుకుని తప్పులు పట్టండి.

కోర్టు ధిక్కారానికి 1971 చట్టం చదవండి. బహిరంగ విచారణను ఉన్నదున్నట్టు, నిష్పక్షపాతంగా రాస్తే ధిక్కారం కాదు.