రికార్డింగ్‌లో పడని మాట

"మా అత్తగారు ఏనాడూ తిట్టరు. మొన్న ఆడపడుచు వచ్చినప్పుడు భోజనాల దగ్గర 'మీ ఇంట్లో పప్పులో ఉప్పు ఇంతే వేస్తారా అమ్మా?' అని నవ్వుతూ అడిగి, కంచం పక్కకు జరిపి మజ్జిగ పోసుకున్నారు. మా వారికి చెప్తే 'ఉప్పు గురించే కదా అడిగింది, తప్పేముంది?' అంటారు. ఆవిడ మాటలు ఫోన్‌లో రికార్డ్ చేసి వినిపిస్తే నమ్ముతారా?"
- ఒక సోదరి

రికార్డింగ్ ఆలోచన ఈ రోజే మానేయండి. పెద్దావిడ మాటలు చాటుగా పట్టడం మర్యాద కాదు. పైగా అందులో పడేది ఆ ఒక్క వాక్యమే. పక్కన ఆడపడుచు ఉండటం, కంచం జరపడం పడవు. పక్కింటి పిన్నిగారు ఇదే ప్రశ్న అడిగి ఉంటే మీరు ఎన్ని చెంచాలో చెప్పేవారు. మాట అదే. అన్నది ఎవరు, ఎవరి ముందు అన్నారు అన్నదాన్ని బట్టి అర్థం మారిపోయింది.

దీన్ని చదవడానికి భాషాశాస్త్రంలో ప్రాగ్మాటిక్స్ అని ఒక శాఖే ఉంది. పాల్ గ్రైస్ అనే బ్రిటిష్ తత్వవేత్త 1967లో హార్వర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఒక ఉదాహరణ చెప్పారు. ఫిలాసఫీ ఉద్యోగానికి వెళ్తున్న శిష్యుడి గురించి గురువు ఇలా రాస్తాడు: 'ఇంగ్లిష్ చాలా బాగుంటుంది, క్లాసులకు సక్రమంగా వస్తాడు.' అంతే. ఒక్క చెడ్డ మాట లేదు, కానీ శిష్యుడికి ఫిలాసఫీ అంతగా రాదన్న సంగతి చదివినవాళ్లకు తెలిసిపోతుంది. ఇలా అనకుండానే అందే అర్థంతో చిక్కేమిటంటే, నిలదీస్తే 'నేనలా అనలేదే' అని తప్పుకోవచ్చు. మీ ఇంట్లో ఆవిడ తప్పుకోనక్కర్లేదు. ఆ పని మీ వారే చేసిపెడుతున్నారు.

అందుకే నా దృష్టిలో మీ సమస్య అత్తగారు కాదు, ఆయన. అమ్మ 'నీ ఇష్టం రా' అంటే వద్దని అర్థమని చిన్నప్పటి నుంచీ తెలిసిన మనిషి, భార్య బాధపడుతుంటే మాత్రం నిఘంటువు తెరుస్తున్నారు. మీ ఉత్తరంలో నాకు కోపం తెప్పించింది ఇదే.

అలాగని ఆవిడ 'భోంచేశావా' అన్నా అందులో ముల్లు వెతక్కండి. ఆవిడను నేరుగా అడగండి: 'ఉప్పు తక్కువైందా అత్తయ్యా? రేపు మీరు రుచి చూసి చెప్పండి, వేస్తాను.' ఆవిడతో అంతకు మించి అక్కర్లేదు.

ఆయన దగ్గర 'అత్తయ్య ఏమన్నారంటే' అని మొదలుపెట్టకండి, మళ్లీ ఆ వాక్యం మీదే వాదన నడుస్తుంది. 'అందరి ముందు నాకు తల కొట్టేసినట్టయింది, మీరు పక్కనే ఉండి అన్నం కలుపుకున్నారు' అని చెప్పండి. 'అమ్మ అలా అనలేదు' అంటారు. 'నేను అడుగుతున్నది అత్తయ్య గురించి కాదు, మీ గురించి' అనండి.