షెడ్డు నీళ్లు తేర్చడం గురించి

నెల్లూరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

అల్లూరు దగ్గర నీ షెడ్డులో రొయ్యలు ఒలిచి కడిగిన నీళ్లు కంపు కొడుతున్నాయనీ, బకింగ్‌హామ్ కాలువ వైపు వదలడానికి మనసొప్పడం లేదనీ, ఆ పొట్టుతోనే కైటోసాన్ అనే పొడి చేసి నీళ్లు తేరుస్తాననీ రాశావు. ఆలోచన బాగుంది. కానీ అబ్బయ్యా, పొడి నువ్వు చేయొద్దు, కొనుక్కో.

పెంకులో సున్నం, మాంసకృత్తులు, కైటిన్ అనే గట్టి నార కలిసి ఉంటాయి. సున్నం పోవడానికి యాసిడ్, మాంసకృత్తులు పోవడానికి కాస్టిక్ సోడా కావాలి. మిగిలిన కైటిన్‌ను కైటోసాన్ చేయాలంటే 40-50 శాతం కాస్టిక్‌లో 100 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉడకాలి. చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. ఆ కాస్టిక్ నీళ్లు మళ్లీ ఎక్కడ పోస్తావు? పొట్టు ఎండబెట్టి ఆ పని చేసేవాళ్లకే అమ్ము.

మా అమ్మ కుండలో చిల్లగింజ అరగదీసేది, బురద అడుక్కి దిగేది. ఇదీ అలాంటిదే. నీళ్లలో తేలే సన్న తుక్కుకి రుణావేశం ఉంటుంది, ఒకదాన్నొకటి తోసుకుంటూ దిగదు. పులుపులో కరిగిన కైటోసాన్‌కు ధనావేశం. తుక్కును లాక్కుని గుత్తులు కడుతుంది.

లీటరు మంచి నీళ్లకు 10 గ్రాముల కైటోసాన్ పొడి, 10 మిల్లీలీటర్ల ఎసిటిక్ యాసిడ్ వేసి రాత్రంతా కలియనివ్వు. పొద్దునకి గంజిలా చిక్కబడుతుంది. నాలుగు సీసాల్లో లీటరు చొప్పున షెడ్డు నీళ్లు తీసుకుని, ఆ ద్రావణం ఒక్కోదాంట్లో వరసగా 1, 2, 4, 8 మిల్లీలీటర్లు పొయ్యి. ఒక నిమిషం గట్టిగా, పావుగంట మెల్లగా తిప్పి అరగంట వదిలెయ్యి. ఏది తేరితే అదే నీ లెక్క. 4 అని తేలితే 10,000 లీటర్ల తొట్టికి 40 లీటర్ల ద్రావణం, అంటే 400 గ్రాముల పొడి. సరుకు మారినప్పుడల్లా సీసాలు మళ్లీ పెట్టాల్సిందే.

ఎక్కువ పోస్తే ఇంకా బాగుంటుందనుకోకు. నేను పనిచేసిన షెడ్డులో ఒకసారి తొందరపడి రెట్టింపు పోశాను. తేరిన నీళ్లు కాస్తా మళ్లీ పాలలా అయ్యాయి! తుక్కు మీదంతా ధనావేశమే చేరి మళ్లీ తోసుకోవడం మొదలైంది. ఓనరు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

గుల్ల సున్నం కూడా కలపనా అన్నావు. వద్దు. నీళ్లు కాస్త పులుపుగా, పీహెచ్ 6 దగ్గర ఉంటేనే కైటోసాన్ తుక్కును బాగా పట్టుకుంటుంది, సున్నంతో పులుపు తగ్గి పీహెచ్ పెరిగిపోతుంది. కావాలంటే అడుగున తీసిన మడ్డి మీద చల్లు, కంపు తగ్గుతుంది. నేల కడిగిన క్లోరిన్ నీళ్లకు వేరే కాలువ తీయించు, క్లోరిన్ తగిలితే కైటోసాన్ విరిగిపోతుంది.

తేరిన నీళ్లు అద్దంలా కనిపించినా అందులో కరిగిన అమ్మోనియా, ఉప్పు అలాగే ఉంటాయి. అమ్మోనియా సంగతి చూడ్డానికి గాలి కొట్టే తొట్టి ఒకటి ఉండాల్సిందే. ఆ ఖర్చు తప్పదు, నాన్నకు నేను చెబుతాలే.

ముందు నాలుగు సీసాలూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. కిటికీ వెలుతురులో తియ్యి, ఫ్లాష్ వేస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

మీ మామయ్య