ఆపరేషన్‌కు విరాళాలు అడిగే ముందు మొత్తం ఖర్చు తేల్చుకోండి

ప్రశ్న: నా వయసు 27. ట్రాన్స్ మ్యాన్‌ని, అంటే పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదైన మగవాణ్ని. ఏడాదిన్నరగా డాక్టర్ పర్యవేక్షణలో టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు వాడుతున్నాను. రొమ్ములు తీయించుకునే ఛాతీ ఆపరేషన్ చేయించుకోవాలని ఉంది, అంత డబ్బు లేదు. ఆన్‌లైన్‌లో క్రౌడ్‌ఫండింగ్ పెట్టమంటున్నారు స్నేహితులు. నా రిపోర్టులన్నీ అందులో పెట్టాలా? డబ్బు కూడేదాకా ఇంజెక్షన్లు ఆపేయొచ్చా?
– ఓ పాఠకుడు

డాక్టర్ సలహా: ఇంజెక్షన్లు మీ అంతట మీరు ఆపకండి. మారిన గొంతు అలాగే ఉంటుంది గానీ, నెలసరి మళ్లీ మొదలుకావచ్చు, దిగులు పెరగవచ్చు. ఖర్చు భారంగా ఉంటే ఆ మాటే మీ డాక్టర్‌తో చెప్పండి, చవకైన మరో రకానికి మార్చే వీలుండొచ్చు. ప్రిస్క్రిప్షన్ లేకుండా ఆన్‌లైన్‌లో దొరికే మందుల జోలికి మాత్రం పోవద్దు. రక్తపరీక్షలూ మానకండి. టెస్టోస్టెరాన్‌తో ఎర్ర రక్తకణాలు మోతాదు మించి పెరిగితే రక్తం చిక్కబడుతుంది, అది పరీక్షలోనే తెలుస్తుంది.

ఇక విరాళాల సంగతి. ఇలాంటి విజ్ఞప్తుల్లో చాలావరకు అనుకున్న మొత్తం చేరవు. పరిచయాలు ఎక్కువున్నవారికే డబ్బు ఎక్కువ వస్తుంది, అవసరం ఎక్కువున్నవారికి కాదు. అందుకే ముందు బీమా సంగతి కనుక్కోండి. ఇది అందం కోసం చేసే ఆపరేషన్ అని తిరస్కరిస్తే, వైద్యపరంగా ఎందుకు అవసరమో మీ డాక్టర్‌తో లేఖ రాయించి మళ్లీ అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణ జాబితా ఐసీడీ-11లో జెండర్ ఇన్‌కాంగ్రుయెన్స్‌ను (పుట్టినప్పుడు నమోదైన లింగానికీ, తాను భావించే జెండర్‌కూ పొంతన లేకపోవడం) మానసిక రుగ్మతల్లోంచి తీసి లైంగిక ఆరోగ్య అధ్యాయంలో చేర్చారు. జాబితా నుంచి పూర్తిగా తొలగించకపోవడానికి ఒక కారణం, చికిత్సకు దారి మూసుకుపోకూడదనే.

అయినా విరాళాలే దిక్కయితే, ముందు ఆస్పత్రి నుంచి రాతపూర్వకంగా ఎస్టిమేట్ తీసుకోండి. చాలామంది సర్జన్ ఫీజు ఒక్కటే లెక్కేసుకుని తర్వాత ఇబ్బంది పడతారు. మత్తు డాక్టర్, థియేటర్, గది అద్దె, తీసిన కణజాలానికి చేసే బయాప్సీ, ఆపరేషన్ తర్వాత వేసుకునే కంప్రెషన్ వెస్ట్, పనికి వెళ్లలేని కొన్ని వారాల జీతం... ఇవన్నీ కలపాలి. కొందరికి మచ్చలు, చనుమొనలు సరిచేయడానికి మరో చిన్న ఆపరేషన్ కూడా పడుతుంది. వచ్చిన డబ్బులోంచి వెబ్‌సైట్ల కోత ఎంతో ముందే చూసుకోండి.

రిపోర్టులు, ఛాతీ ఫొటోలు, పాత పేరు ఉన్న కాగితాలు అందరికీ కనబడేలా పెట్టవద్దు. ఒకసారి బయటికి వెళ్లినవాటిని వెనక్కి తీసుకోవడం కష్టం. ఆఫీసువాళ్లు, బంధువులు ఎవరైనా చూడొచ్చు. ధ్రువీకరణ కోసం వెబ్‌సైట్ అడిగితే వారికి విడిగా పంపండి. దాతలు నమ్మాలంటే డబ్బు నేరుగా ఆస్పత్రి ఖాతాకే వెళ్లే ఏర్పాటు ఉందేమో అడగండి. మీ కష్టాలన్నీ ఏకరువు పెట్టి జాలి పుట్టించాల్సిన పని లేదు. ఏ ఆపరేషన్, ఎంత ఖర్చు, ఎంత సమకూరింది అన్నవి చాలు.

డబ్బు కూడేలోగా బైండర్ (ఛాతీ చదునుగా కనబడేలా వేసుకునే బిగుతైన లోదుస్తు) వాడుతుంటే రోజుకు ఎనిమిది గంటలు మించనీయకండి, నిద్రపోయేటప్పుడు తీసేయండి. దాని బదులు క్రేప్ బ్యాండేజీ చుట్టుకోవద్దు, ఊపిరికి, పక్కటెముకలకు ప్రమాదం. సిగరెట్ అలవాటుంటే ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందే మానేయాలి. లేదంటే గాయం మానడం ఆలస్యమవుతుంది, తిరిగి అతికించిన చనుమొన నిలవకపోవచ్చు.