జేబులో ఫోన్ లేకున్నా వైబ్రేట్ అయినట్టుంటే ముందు ఇది చెయ్

జేబులో ఫోన్ లేకున్నా వైబ్రేట్ అయినట్టుంటోంది, ఏం చెయ్యాలి అని పోస్ట్ పెట్టావు కదా. ఫోన్ ప్రాబ్లం కాదు బ్రో, సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లినా ఏం దొరకదు. ప్లేస్‌మెంట్ మెయిల్ కోసం వారం నుంచి చూస్తున్నా అన్నావు కదా, చాలావరకు అదే కారణం, మెదడు ఆ బజ్ కోసమే కాచుక్కూర్చుంటే ప్యాంటు గుడ్డ తొడకి రాసుకున్నా మెసేజ్ అనే అనుకుంటుంది. పిచ్చేం కాదు, 2012లో వచ్చిన ఒక అమెరికా స్టడీలో 290 మంది డిగ్రీ స్టూడెంట్స్‌లో 89 శాతం మాకూ అవుతోందన్నారు.

1. సైలెంట్‌లో పెట్టినా పోలేదన్నావు, అందరూ మిస్సయ్యేది ఇక్కడే. సైలెంట్‌లో పెట్టినా కొన్ని ఫోన్లలో సౌండ్ మాత్రమే పోతుంది, వైబ్రేషన్ అలాగే ఉంటుంది. సెట్టింగ్స్‌లో సౌండ్‌కి వెళ్లి అది ఆఫ్ చెయ్. తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్ అయితే వాట్సాప్ నోటిఫికేషన్స్‌లో మెసేజ్‌లకి, గ్రూపులకి, కాల్స్‌కి విడివిడిగా ఇంకో వైబ్రేట్ ఉంటుంది, మూడూ ఆపెయ్. కాల్స్‌కి రింగ్ పెట్టుకో, లేకపోతే అమ్మ ఫోన్ ఎత్తలేదని తిడుతుంది.

2. ఫోన్ జేబులోంచి బ్యాగులోకి మార్చు.

3. అదిరినట్టనిపించిన ప్రతిసారీ తీసి చూడకు, చూసేకొద్దీ అలవాటు ముదురుతుంది. మెయిల్‌కి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చాలు. (నాకైతే మొదటి మూడ్రోజులు చెయ్యి దానంతటదే జేబులోకి పోయేది)

నిద్ర పట్టట్లేదు, గుండె దడ అని కూడా రాశావు, అది సెట్టింగ్స్‌తో పోయేది కాదు. 14416కి కాల్ చెయ్, అది టెలీ మానస్, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు, రాత్రి ఒంటిగంటకైనా ఎత్తుతారు.