గబగబా తింటే కడుపు నిండినట్టు ఎందుకు తెలియదు?

ప్రశ్న: తొందరగా తింటే రెండోసారి వడ్డించుకున్నా ఆకలి తీరదు. నెమ్మదిగా తిన్న రోజు అందులో సగానికే చాలనిపిస్తుంది. ఇదంతా ఒక హార్మోన్ పనేనని విన్నాను. అది మాత్రల రూపంలో దొరుకుతుందా? కొవ్వు ఎక్కువున్న భోజనం చేసినప్పుడు కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వస్తోంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

జవాబు: అంతా దానిదే కాదు గానీ, కోలిసిస్టోకైనిన్ పాత్ర పెద్దదే. డాక్టర్లు సీసీకే అంటారు. చిన్నపేగు మొదటి భాగంలోని ఐ-కణాలు దీన్ని వదులుతాయి. అయితే ఆహారం అక్కడిదాకా చేరి, కొవ్వులూ మాంసకృత్తులూ కొంత జీర్ణమైతేనే వాటిలో కదలిక వస్తుంది. పిండిపదార్థాలకు అంతగా స్పందించవు. భోజనం మొదలయ్యాక రక్తంలో సీసీకే బాగా పెరగడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. ఐదు నిమిషాల్లో కంచం ఖాళీ చేస్తే, 'ఇక చాలు' అన్న కబురు వేగస్ నాడి ద్వారా మెదడుకు చేరేలోపే తినాల్సిందంతా తినేసి ఉంటారు. అందుకే మాంసకృత్తులున్న పదార్థాలు ముందు తినండి, భోజనానికి 20 నిమిషాలైనా కేటాయించండి.

మాత్రగా మింగితే పని చేయదు. ఇది పెప్టైడ్, అంటే చిన్న మాంసకృత్తు లాంటిది, కడుపులోనే జీర్ణమైపోతుంది. రక్తంలోకి ఎక్కించినా నిమిషాల్లోనే విచ్ఛిన్నమవుతుంది. పైగా ఎలుకలకు ప్రతి భోజనానికీ ఇచ్చి చూస్తే, ఒక్కోసారి తక్కువ తిన్నాయి గానీ ఎక్కువసార్లు తిన్నాయి. భోజనం ఎప్పుడు ఆపాలో చెప్పే హార్మోన్ ఇది, బరువు తగ్గించేది కాదు.

ఇక నొప్పి సంగతి. జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గించేదీ, క్లోమం నుంచి ఎంజైములు రప్పించేదీ, పిత్తాశయాన్ని (గాల్ బ్లాడర్) పిండి పైత్యరసాన్ని పేగులోకి పంపేదీ సీసీకేనే. పిత్తాశయంలో రాళ్లుంటే, అది ముడుచుకున్నప్పుడు ఒక రాయి వెళ్లి నాళం మొదట్లో అడ్డుపడొచ్చు. మీరు చెప్పిన చోట అరగంట నుంచి కొన్ని గంటల దాకా నొప్పి ఉంటుంది, కుడి భుజానికో వీపుకో పాకుతుంది. అలాగని కొవ్వు పూర్తిగా మానేసి వేగంగా బరువు తగ్గడమూ మంచిది కాదు. పిత్తాశయం సరిగా ఖాళీ కాక పైత్యరసం నిలవుండి కొత్త రాళ్లు ఏర్పడొచ్చు.

ముందు అల్ట్రాసౌండ్ చేయించుకోండి. కనీసం ఆరు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. ఏదైనా తిని వెళ్తే సీసీకే పిత్తాశయాన్ని ముడిచేస్తుంది, చిన్న రాళ్లు కనిపించకపోవచ్చు. జ్వరం, కళ్లు పచ్చబడటం, ఆగని వాంతులు ఉంటే మాత్రం పరీక్ష తేదీ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.